ట్రే మీద 'గ్లూటెన్ ఫ్రీ' చీటీ, గిన్నెలో గోధుమపిండి సూప్: మీ భోజన విభాగంపై ఫిర్యాదు

ఆసుపత్రి భోజనాల కాంట్రాక్టు సంస్థ జనరల్ మేనేజర్ గారికి,

నమస్కారం.

కాలి ఎముక విరిగి, ఆపరేషన్ కోసం నేను 8 రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. అన్ని పూటలా భోజనం మీ వంటగది నుంచే వచ్చేది. అక్కడ జరిగిన దాని గురించి ఇంతకుముందే ఒకసారి మీ ఆఫీసుకు రాశాను. "రోగుల ఇష్టాయిష్టాలను మేము ఎప్పుడూ గౌరవిస్తాం" అని జవాబు వచ్చింది. ఆ మాట చదివాక నాకు చాలా బాధ కలిగింది, అందుకే ఈ రెండో ఉత్తరం. గోధుమ తినకపోవడం నా ఇష్టం కాదండీ. అది నా వైద్యం.

నాకు సీలియాక్ జబ్బు ఉందని తెలిసి 9 ఏళ్లయింది. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది కడుపులోకి వెళ్తే నా రోగనిరోధక శక్తి నా చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. ఆహారంలోని సారాన్ని పీల్చుకునే పేగు లోపలి పొర దెబ్బతిని చదునైపోతుంది. ఇక ఎంత తిన్నా ఇనుము, కాల్షియం సరిగా ఒంటికి పట్టవు. జబ్బు బయటపడక ముందు ఎన్నో ఏళ్లు నాకు అలాగే జరిగి ఎముకలు గుల్లబారాయి. చిన్నగా జారిపడినందుకే కాలు విరగడానికి అదీ ఒక కారణమని డాక్టర్ గారు చెప్పారు. ఈ జబ్బు తగ్గడానికి మాత్రలు లేవు. జీవితాంతం గ్లూటెన్ పూర్తిగా మానేయడమే చికిత్స. నూటికి సుమారు ఒకరికి ఈ జబ్బు ఉంటుంది కాబట్టి నాలాంటివాళ్లు మీ వార్డులకు వస్తూనే ఉంటారు.

చేరిన రోజే కేస్ షీట్‌లోనూ మంచానికి తగిలించిన కార్డు మీదా రాయించాను. డైటీషియన్ గారు వచ్చి, కూర్చుని, అన్నీ ఓపికగా రాసుకున్నారు. ఫార్మసీ వాళ్లు నాకిచ్చే ఒక్కో మాత్రలో కలిపిన స్టార్చ్ ఏ ధాన్యానిదో కనుక్కుని సాయంత్రానికల్లా చెప్పారు. మీ వంటగది నుంచి కూడా ట్రే మీద 'గ్లూటెన్ ఫ్రీ' అని ఆకుపచ్చ చీటీ వచ్చింది. అది చూసి నిశ్చింతగా ఉన్నాను. మీ దగ్గర ఆ చీటీకి 'బ్రెడ్ తీసేయండి' అని మాత్రమే అర్థమని తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మొదటి రోజు పొద్దున ఆమ్లెట్‌కు ఆనించి టోస్ట్ పెట్టారు. నేను తినకూడదని చెబితే, ట్రే తెచ్చిన అబ్బాయి దాన్ని బయటికి తీసుకెళ్లి, టోస్ట్ తీసేసి, మళ్లీ అదే ప్లేటు తెచ్చాడు. టోస్ట్ రాలిన పొడి ఆమ్లెట్ మీదే ఉంది. "ఒక్క రవ్వంతకి ఏం కాదండీ" అన్నాడు. అతన్ని తప్పు పట్టను, అతనికి ఎవరూ నేర్పలేదు. కానీ మీకు తెలిసి ఉండాలి. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తిన్నవాళ్లలో పేగు దెబ్బతిన్నట్టు పరిశోధనలో తేలింది. ఒక బ్రెడ్ స్లైసులో ఉండేది గ్రాముల్లో. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్ చెబుతోంది. మీరు అంటించిన చీటీ మీద ఉన్నది ఆ మాటే.

ఆపరేషన్ అయిన మర్నాడు రాత్రి జరిగినదే నా అసలు ఫిర్యాదు. మెత్తటి ఆహారం మాత్రమే ఇవ్వమన్నారని కూరగాయల సూప్ వచ్చింది, చిక్కగా ఉంది. చిక్కదనానికి ఏం కలిపారని అడిగాను. "అందులో గోధుమ ఏమీ లేదండీ, వట్టి కూరగాయలే" అని మీ మనిషి ధీమాగా చెప్పాడు. రెండు రోజులుగా సరిగా తినలేదు, ఆకలిగా ఉంది, నమ్మి తాగేశాను. అర్ధరాత్రికి కడుపు మెలిపెట్టే నొప్పి, వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. కాలికి కట్టు, చేతికి సెలైన్. లేచి బాత్‌రూమ్‌కు వెళ్లలేను. తెల్లవారేదాకా బెడ్‌పాన్ కోసం నర్సును ఎన్నిసార్లు పిలిచానో లెక్కలేదు. పక్క మంచాలవాళ్లు నిద్ర లేచి కూర్చున్నారు. ఆ సిగ్గూ ఆ నిస్సహాయతా ఎలా ఉంటాయో మీరొక్కసారి ఊహించండి.

పొద్దున్నే డాక్టర్లు యాంటీబయాటిక్ పడలేదేమో అనుకున్నారు. దాన్ని ఆపి వేరేది మొదలుపెట్టారు, ఇన్‌ఫెక్షన్ ఏమో అని మలపరీక్షకు పంపారు, సెలైన్ మరో రోజు పొడిగించారు. సూప్ సంగతి నేనే పట్టుబట్టి అడిగించాక మీ సూపర్‌వైజర్ గారు సూప్ పొడి ప్యాకెట్ తెచ్చి చూపించారు. దాని మీద రెండో పదార్థం గోధుమపిండి. ఆ లేబుల్ ఒక్కసారి చదివి ఉంటే ఇదంతా జరిగేది కాదు. మందు మార్చడం దాకా వెళ్లిందంటే, మీ వంటగది చేసిన పొరపాటు వంటగదిలో ఆగలేదన్నమాట.

ఇంత జరిగాక కూడా ఆ రోజు రాత్రే బలానికని మాల్ట్ కలిపిన పాలు తెచ్చారు. మాల్ట్ వద్దంటే "ఇది గోధుమ కాదు కదా, బార్లీ" అన్నారు.

ఆ తర్వాత మిగిలిన రోజులు నేను తొక్క ఉన్నవే తిన్నాను. అరటిపండు, నారింజ, పెంకు తీయని ఉడికిన గుడ్డు. వాటిలో ఎవరి గరిటె పడదు, ఎవరి పిండీ అంటదు. అవి నాకు విడిగా తెచ్చిచ్చింది కూడా మీ దగ్గర పనిచేసే ఒక అమ్మాయే. ఆవిడ మేలు మరిచిపోలేను. కానీ విరిగిన ఎముక అతకాల్సిన సమయంలో ఒక రోగి కడుపు నిండా తినలేదు. ఇంటి నుంచి తెప్పించుకుందామంటే బయటి తిండి రానివ్వకూడదని వార్డులో నిబంధన. మీరు సరైన తిండి పెట్టకుండా, వేరే తిండి తెచ్చుకోనివ్వకుండా ఉంటే మాలాంటివాళ్లు ఏం చేయాలి?

ఇంకొక మాట చెప్పాలి. ఈ జబ్బుకు గోధుమతో ఉన్న సంబంధాన్ని పట్టుకున్నది డికే అనే డచ్ పిల్లల డాక్టరు. ఆసుపత్రిలో తన దగ్గర ఉన్న పిల్లల తిండి మార్చి, బరువులు చూసుకుంటూ, 1950లో తన సిద్ధాంత గ్రంథంలో దాన్ని వివరించారు. ఆసుపత్రి భోజనాన్ని అంత శ్రద్ధగా గమనించారు కాబట్టే మాకు ఈ చికిత్స దొరికింది. అదే తిండి ఇప్పుడు ఆసుపత్రి మంచం మీదే దొరకకపోతే ఎంత కష్టంగా ఉంటుందో చెప్పలేను.

నాకు డబ్బు పరిహారం అక్కర్లేదు. మీరు వాడే ప్రతి సూప్ పొడి, సాస్, మసాలాలో ఏమేం ఉన్నాయో రాసిన కాగితం వార్డులోనే ఉంచండి, అడిగినవాళ్లకు చూపించండి. గ్లూటెన్ లేని భోజనానికి గరిటెలు, కోసే బోర్డు, వడగట్టే జల్లెడ వేరుగా పెట్టండి. పొరపాటున బ్రెడ్ పెడితే తీసేయడం కాదు, ప్లేటే మార్చాలి. బార్లీ, మాల్ట్ కూడా గోధుమతో సమానమేనని ట్రేలు మోసేవాళ్లందరికీ చెప్పండి. వీటన్నిటికంటే ముఖ్యంగా, తెలియనప్పుడు "తెలియదు, కనుక్కుని చెబుతాను" అనే ధైర్యం వాళ్లకివ్వండి. ఆ రాత్రి ఆ అబ్బాయి అలా అని ఉంటే నేను సూప్ పక్కన పెట్టి ఆకలితో పడుకునేదాన్ని, అంతే.

కాలిలో వేసిన రాడ్ తీయడానికి ఏడాది తర్వాత నేను అదే ఆసుపత్రిలో చేరాలి. ఇందులో ఏవి మార్చారో, ఏవి మార్చలేరో 30 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయండి. మార్చలేనివి ఉంటే, నా భోజనం నేను తెచ్చుకోవడానికి మీకు అభ్యంతరం లేదని ఆసుపత్రికి రాసివ్వండి. ఈ లేఖ ప్రతిని ఆసుపత్రి సూపరింటెండెంట్ గారికీ, డైటీషియన్ గారికీ పంపుతున్నాను.

ఇట్లు,
ఎముకల వార్డు, 6వ మంచం రోగి