ఈ శనివారం మన పిల్లల సినిమా: టింకర్ బెల్

అందరికీ నమస్కారం! శనివారం సాయంత్రం 5 గంటలకు "టింకర్ బెల్ అండ్ ది గ్రేట్ ఫెయిరీ రెస్క్యూ" (2010) వేస్తున్నాం. నిడివి గంటంపావు. పిల్లలతో 4:45కల్లా వచ్చేయండి. మొదట్లోనే లిజ్జీ అనే పాప తన చిట్టి బొమ్మరింట్లో టింక్‌ను (అంటే టింకర్ బెల్ అనే చిట్టి రెక్కల ఫెయిరీని) కనిపెడుతుంది, ఆ సీన్ మిస్ కాకూడదు.

నాలుగైదేళ్ల పిల్లలకు ఒక్క మాట ముందే చెప్పి తీసుకురండి: రెక్కలు తడిస్తే ఫెయిరీలు ఎగరలేరు. వానలో టింక్ స్నేహితులు ఆమెను కాపాడడానికి పడవ కట్టుకుని ఎందుకు బయల్దేరారో అప్పుడే అర్థమవుతుంది. చివర్లో లిజ్జీ నాన్న విడియా అనే ఇంకో ఫెయిరీని సీసాలో బంధించి లండన్‌కు తీసుకెళ్లే చోట చిన్నవాళ్లు బెదురుతారు, పక్కనే కూర్చోండి.

ప్రొజెక్టర్ చూసేవాళ్లు 4 గంటలకే రావాలి. కేబుల్ పెట్టగానే ల్యాప్‌టాప్ శబ్దం ప్రొజెక్టర్‌లోకి మారిపోతుంది. సెట్టింగ్స్‌లో మళ్లీ స్పీకర్ ఎంచుకోండి. కర్టెన్లు పూర్తిగా వేయాలి, వాన సీన్లన్నీ చీకటిగానే ఉంటాయి.

సినిమా అయ్యాక ఫెయిరీ ఇల్లు చేద్దాం. ఒక్కో పిల్లకు: చెప్పుల డబ్బా 1, ఎండుటాకులు గుప్పెడు, పుల్లలు పది. పచ్చి ఆకులు వద్దు, జిగురు పట్టదు. తలుపు, కిటికీ పెద్దవాళ్లే ఇంటి దగ్గర కోసి పంపండి.

ఎంతమంది వస్తున్నారో గురువారం రాత్రిలోగా ఇక్కడే రాయండి. మర్చిపోకండి, డబ్బా మీద పేరు!