బస్తీ బడికి నర్సరీ ఇవ్వండి, ఆ తర్వాత లెక్క చూడండి

సంపాదకుడు గారికి,

పిల్లలు తక్కువగా ఉన్న ప్రాథమిక పాఠశాలలను పక్క బడుల్లో కలిపేస్తారన్న మాట హైదరాబాద్‌లో ఏటా వేసవికి వినబడుతూనే ఉంటుంది. ఈసారి మా బస్తీలోని సర్కారు బడి పేరూ ఆ మాటల్లో వస్తోంది. మా స్టేషనరీ దుకాణం ఆ బడికి ఎదురుగానే ఉంది. అక్కడ పిల్లలు ఎందుకు తగ్గుతున్నారో నాకు కొంత తెలుసు.

బడి అంటే రెండు గదులు, ఒక వరండా. అదీ అద్దె ఇంట్లో (ఆ అద్దె సంగతి రాస్తే వేరే ఉత్తరం అవుతుంది). ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల దాకా ఇద్దరు చాలు కాబట్టి కాగితం మీద తప్పేమీ లేదు. ఆ ఇద్దరిలో ఒకరికి ఎన్నికల డ్యూటీయో ట్రైనింగో పడితే ఐదు తరగతులూ ఒక్కరి మీదే. 2024 నవంబరులో ఇంటింటి సర్వేకి ఎస్జీటీలను (ప్రాథమిక తరగతుల టీచర్లను) పంపి ప్రాథమిక బడులన్నీ ఒంటిపూట నడిపారు. అయినా చదువు అధ్వానంగా ఏమీ లేదు. బిహార్ నుంచి పనికి వచ్చినవాళ్ల పిల్లలు ఇక్కడ చేరిన కొన్ని నెలలకే నా దుకాణం బోర్డు మీది తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు.

మరి పిల్లలేరి? మూడేళ్లకే వెళ్లిపోతున్నారు. జూన్‌లో నా దగ్గర పలకలు, లావు పెన్సిళ్లు, బొమ్మల లేబుళ్లు కొనే తల్లులందరూ ప్రైవేటు నర్సరీల వాళ్లే. ఇళ్లల్లో పనికి, ప్యాకింగ్ పనికి వెళ్లేవాళ్లు కూడా నెలకు వెయ్యి పైన ఫీజు కడుతున్నారు. బడికి వచ్చి అడిగినవాళ్లకు దొరికే జవాబు, "ఒకటో తరగతి నుంచే అమ్మా, ఐదేళ్లు నిండాక తీసుకురా" అని. పని చేసుకునే తల్లి రెండేళ్లు ఆగదు కదా. అంగన్‌వాడీ ఉంది, కానీ అది పక్క గల్లీలో ఒక ఇరుకు గదిలో నడుస్తుంది, దాన్నెవరూ బడి అనుకోరు.

తర్వాత బడిబాట అని టీచర్లు ఎండలో గడప గడపకూ తిరుగుతారు. యూనిఫాం, పుస్తకాలు, మధ్యాహ్నం అన్నం, గుడ్డు అన్నీ ఉచితం అని చెబుతారు. ఒక తల్లి నా దుకాణం ముందే అంది: "మా ఓని దోస్తులందరూ ఆడనే ఉన్నరు మేడమ్, ఆటో కూడా అలవాటైంది. ఇప్పుడెట్ల మాన్పియ్యాలె?" మేడమ్ దగ్గర దానికి జవాబు లేదు. నా దగ్గరా లేదు.

కలపబోయే బడి కిలోమీటరు లోపే ఉందంటున్నారు. నిజమే, రూల్స్‌లో కూడా ప్రాథమిక బడికి కిలోమీటరే ఉంది. మధ్యలో మెయిన్ రోడ్డు ఉందన్నది ఆ కొలతలో రాదు. డివైడర్‌కి ఉన్న సందులోంచి ఆర్టీసీ బస్సులను తప్పించుకుంటూ పెద్దవాళ్లమే పరుగెత్తి దాటుతాం. తల్లి పొద్దున ఏడింటికే పనికి పోతే ఆరేళ్ల పిల్లను ఎవరు దాటిస్తారు? ఆ పిల్ల ఆ బడికి పోదు. ప్రైవేటుకు ఇచ్చే స్తోమత లేకపోతే ఇంట్లో చెల్లెలిని చూసుకుంటూ కూర్చుంటుంది.

2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల వయసు నుంచే చదువును లెక్కలోకి తీసుకుంది. మన రాష్ట్రంలో 2025-26లో కొన్ని ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో ప్రీప్రైమరీ మొదలైంది కూడా. కానీ పిల్లలు ఎక్కువ ఉన్న చోటు చూసి ఇస్తే మా బడి వంతు ఎప్పటికీ రాదు. గల్లీకో ప్రైవేటు నర్సరీ ఉన్న నగర బస్తీల్లో, మూతపడే జాబితాలో ఉన్న చిన్న బడులకే ముందు ఇవ్వాలి. ఒక టీచరు, ఒక ఆయా, కూర్చోవడానికి చాపలు చాలు. గది చాలకపోతే అంగన్‌వాడీని బడి ఆవరణలోకి తెచ్చి రెండు అద్దెల డబ్బుతో కాస్త పెద్ద ఇల్లు తీసుకోవచ్చు. మూడేళ్లు అలా నడిపాక కూడా పిల్లలు రాకపోతే అప్పుడు కలపండి, మేమూ అడ్డు చెప్పం.

జూన్ 12న బడులు తెరుస్తారు. ప్రైవేటు నర్సరీలు మార్చి నుంచే కరెంటు స్తంభాలకు బ్యానర్లు కట్టేస్తాయి. ప్రీప్రైమరీ ఇస్తారో లేదో విద్యాశాఖ ఏప్రిల్ లోపు చెబితేనే మా బస్తీలో ఆ మాట వినడానికి ఎవరైనా మిగిలి ఉంటారు.

– ఒక పాఠకుడు,
ముషీరాబాద్, హైదరాబాద్