కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25: ఈ ఏడాది మన పిల్లలు నేర్చుకున్న ఎరల సంగతి

సభ్యులందరికీ నమస్కారం.

సమావేశంలో నివేదిక చదవడం మొదలుపెట్టగానే వెనక కుర్చీల్లో ఫోన్లు వెలుగుతాయని నాకు తెలుసు. అందుకే ఈసారి ముందే రాసి ఇంటింటికీ పంపుతున్నాం. జమాఖర్చులు కోశాధికారి గారు సమావేశంలో చదువుతారు, వాటి జోలికి నేను పోను.

ముందు మామూలు పనులు. వీధి దీపాలు రెండో వీధి చివర తప్ప అన్నీ వెలుగుతున్నాయి. ఆ ఒక్క స్తంభం కోసం పెట్టిన అర్జీలతో ఒక ఫైలు నిండింది. వినాయక చవితికి మట్టి విగ్రహమే పెట్టాం. మురుగు కాలువకు వానల ముందే పూడిక తీయించాం, అయినా ఒక రాత్రి పొంగింది. తడి చెత్తతో వర్మీ కంపోస్టు చేసే గుంట మీద పోయినేడు ఎంత గొడవ జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఎండుటాకులు ఎక్కువ వేయడం మొదలుపెట్టాక వాసన తగ్గింది. ఆ గుంట మనం ఎవరమూ అనుకోని పనికి ఒకదానికి ఉపయోగపడింది. ఇక్కడి నుంచి ఈ నివేదికంతా దాదాపు ఆ పని గురించే.

భీమవరంలో ఉంటూ పిల్లలకు చేపల గురించి నేర్పడమేమిటని కమిటీలోనే కొందరు నవ్వారు. ఊరు దాటితే ఎటు చూసినా చెరువులే, నిజమే. కానీ మన పిల్లలు చేపను ఎక్కడ చూస్తున్నారు? ఐసు పెట్టెల్లో, లారీల మీద, ఆ తర్వాత కంచంలో. చేప ఏం తింటుందని అడిగితే మేత అంటారు. ఏం మేత అంటే మన మొహంలోకే చూస్తారు.

ఇదంతా ఒక ఫిర్యాదుతో మొదలైంది. మూడో వీధిలో ఏడో తరగతి చదివే అబ్బాయి ఒకడు ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ ఎరల పెట్టె తెప్పించుకుని, మేడ మీద నుంచి విసరడం ప్రాక్టీసు చేస్తున్నాడు. అందులో ఒకటి పోయి పక్కింటి దండెం మీది పట్టుచీరకు తగులుకుంది. చీర, అబ్బాయి, ఎర మూడూ కమిటీ ముందుకు వచ్చాయి. పెట్టె తెరిస్తే మాకే ముచ్చటేసింది. తళతళలాడే రేకు చెంచాలు, గిరగిరా తిరిగే స్పిన్నర్లు, కళ్ళు అతికించిన బుల్లి చేపలు, వణికే రబ్బరు పురుగులు, పచ్చటి రబ్బరు కప్ప. ఏది దేనికిరా అంటే వాడు గడగడా చెప్పేశాడు. అన్నీ యూట్యూబ్ చదువే. ఆ వీడియోల్లో పట్టేది బాస్ అనే అమెరికా చేపను. మన కాలువల్లో అది ఉండదని వాడికి ఎవరూ చెప్పలేదు.

చీర సంగతి పెద్దవాళ్ళు తేల్చుకున్నారు. అబ్బాయి సంగతి సంఘం తేల్చాలనిపించింది. వేసవి సెలవుల్లో ఆదివారం పొద్దున్నే గాలం క్లాసులు పెట్టాం. నేర్పడానికి మన కాలనీకి చేపలు తెచ్చే ఆవిడ మామగారు ఒప్పుకున్నారు. కొల్లేటి చుట్టుపక్కల గాలమూ వలా వేస్తూ పెద్దయిన మనిషి. పేరు రాయొద్దన్నారు కాబట్టి పిల్లలు పిలిచినట్టే తాత అంటాను. యనమదుర్రు డ్రెయిన్ దగ్గరే కదా, అక్కడ పెట్టండి అన్నారు కొందరు. ఆ మురికి నీళ్ళలో పిల్లల చేత చెయ్యి పెట్టించడం మాకు ఇష్టం లేకపోయింది. వేసవిలో పంట కాలువలు ఎలాగూ కట్టేస్తారు. చివరికి ఉండి ఊరికెళ్ళే దారిలో ఒక సభ్యుడు తన చెరువు గట్టు ఇచ్చారు. ఆయనకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

మొదటి ఆదివారం గాలాలు ఇవ్వకపోయేసరికి పిల్లలు అలిగారు. తాత బజారు నుంచి బొచ్చె, శీలావతి, మోసు ఒక్కోటి తెచ్చి అరిటాకు మీద పడుకోబెట్టి, "నోళ్ళు చూడండ్రా" అన్నారు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది. నీటి పైపొరల్లో తేలే సన్న పురుగులు దాని తిండి. మోసు నోరు కిందికి ఉంటుంది, అది అడుగు బురదలో వెతుక్కుంటుంది. శీలావతి మధ్య నీళ్ళది, పెదవుల అంచు కుచ్చులాగా ఉంటుంది. మూడింటినీ ఒకే చెరువులో పెంచగలుగుతున్నది అందుకే. ఒకదాని కంచంలో ఇంకోటి పెద్దగా చెయ్యి పెట్టదు. చెరువులున్న సభ్యులకు ఇది కొత్త కాదు, వాళ్ళ పిల్లలకు మాత్రం కొత్తే. గాలపు దారానికి నీటి మీద తేలే బెండు ఎంత ఎత్తున కట్టాలి, ఎర ఎంత లోతుకు దిగాలి అన్నదంతా ఈ నోటి లెక్కే.

రెండో ఆదివారం పిండి ఎర. గోధుమపిండి, తవుడు, వేరుశెనగ చెక్క పొడి కలిపి చపాతీ ముద్ద కన్నా గట్టిగా పిసికారు. నీళ్ళలో విడిపోకుండా కాస్త దూది పీచు కలపమన్నారు తాత. ఇంట్లో కంచం కూడా తీయని పిల్లలు మోచేతుల దాకా పిండి పూసుకుని కూర్చున్నారు. అయితే ఎర ముద్ద నీళ్ళలో పడగానే చిన్న చేపలు చుట్టూ చేరి కొరికేస్తున్నాయి, ఖాళీ గాలం పైకొస్తోంది. చెరువులో వరసగా పాతిన గెడలకు మేత సంచులు వేలాడుతుంటాయి కదా. చిల్లుల సంచిలో నూనె తీసిన తవుడు నింపి కడతారు, చేపలు చిల్లుల దగ్గరికి వచ్చి పీల్చుకుంటాయి. మన చీర పిల్లాడు (అందరూ వాణ్ణి అలాగే పిలుస్తున్నారు, వాడికీ అలవాటైపోయింది) ఆ సంచులనే కాసేపు చూసి, పాత దోమతెర ముక్క సంపాదించి, తవుడు ముద్దను అందులో చిన్న మూట కట్టి గాలానికి గుచ్చాడు. తాత ఆ మూటను వేళ్ళతో నొక్కి చూశారు. ఏమీ అనలేదు. తన గాలానికీ ఒకటి కట్టుకున్నారు. ఆ రోజు మొదటి శీలావతి మూటకే పడింది.

అబ్బాయి వేలకు వేలు వ్యూస్ ఉన్న వీడియోలు చూసి నేర్చుకోలేనిది ఆ అరగంట సంచి వంక చూసి నేర్చుకున్నాడని నా అభిప్రాయం. ఎర దుకాణంలో దొరికేదే అనుకున్నవాడు, చేప అప్పటికే ఏం తింటోందో చూడటం మొదలుపెట్టాడు.

ఇక మన కంపోస్టు గుంట. వానపాములు అక్కడి నుంచే తీశాం. ఆ గుంటలోవి నాటువి కావు. వర్మీ కంపోస్టుకు ఎక్కువగా వాడే రకాలు ఆఫ్రికా నుంచీ ఐరోపా నుంచీ వచ్చినవి. సన్నగా ఎర్రగా ఉండే రకం చేతిలో నలిగితే పసుపుపచ్చ ద్రవం వదులుతుంది, దాని కంపు కంపే. తాత వాసన చూసి మొహం పక్కకు తిప్పుకున్నారు. జూన్‌లో తొలి వాన పడ్డాక అరటి మొక్కల మొదట్లో తవ్వి నాటు వానపాములు తెచ్చి, పిల్లలు రెండు రకాలూ పక్కపక్కనే వేసి చూశారు. జెల్లలు రెండింటినీ తిన్నాయి. "జెల్లకి మీసాలే నాలిక. బురదనీళ్ళలో కళ్ళెందుకు దానికి?" అన్నారు తాత. ఆ మాట నిజమే, ఆ మీసాల నిండా రుచి తెలిసే కణాలుంటాయి. మిగిలిన వానపాములను గట్టు మీద పారేయకుండా మళ్ళీ గుంటలోకే చేర్చాం. బయటి జాతులను చెరువుగట్ల మీద వదలకూడదు.

వానపామును గాలానికి గుచ్చలేక ఒక పాప ఏడ్చింది. ఎవరూ బలవంతం చేయలేదు. ఆ అమ్మాయి పిండి జట్టులోకి వెళ్ళింది. ఆ జట్టుకే ఎక్కువ చేపలు పడ్డాయని ఇక్కడ నమోదు చేయాల్సిందిగా వాళ్ళమ్మగారు కోరారు. చేశాను.

ప్లాస్టిక్ ఎరల వంతు ఆ తర్వాత వచ్చింది. పిల్లలకు ఫిన్లాండ్ జాలరి లౌరీ రాపాలా కథ చెప్పాం. పెద్ద చేపలు గుంపులో తూలుతూ ఈదే చిన్న చేపనే ఎంచుకుని మింగుతాయని ఆయన పడవలోంచి గమనించాడు. 1936లో బెరడు ముక్కను చేప ఆకారంలో చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి, పాత ఫోటో నెగెటివ్‌లు కరిగించి పైన పూత పూశాడు. ఈ రోజు ఆ పేరు మీద అమ్ముడయ్యే ఎరలన్నిటికీ మొదలు అదే. చాక్లెట్ రేకు అనగానే పిల్లల కళ్ళు మెరిశాయి. మనకు పెళ్ళి బాసికాలు చేసే జీలుగు బెండు ఉండనే ఉంది. అది చెక్కారు, రేకు చుట్టారు, నీళ్ళు తాగకుండా గోళ్ళ రంగు పూశారు. ఎవరింట్లో ఏ రంగు సీసా ఖాళీ అయిందో నేను విచారించలేదు. మొదట చేసినవన్నీ వెల్లకిలా తేలాయి. పొట్ట కింద చిన్న నట్టు కట్టాక రెండు నిటారుగా ఈదాయి. చేపలేవీ వాటిని పట్టించుకోలేదు, అది వేరే సంగతి.

బరువుకు సీసపు గుండ్లు వద్దని మేమే నిర్ణయించాం. సీసం విషం. పిల్లలు దాన్ని పళ్ళతో నొక్కి దారానికి బిగిస్తారు, పెద్దవాళ్ళు అలా చేయడం చూసే నేర్చుకుంటారు. సైకిల్ షాపులో దొరికే పాత నట్లు చాలు.

రబ్బరు కప్ప గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కొరమేనుకు బతికున్న కప్పపిల్లను గుచ్చడం ఇక్కడ పాత అలవాటు. తాత కూడా చిన్నప్పుడు అదే చేశారట. కప్పలు పొలంలో పురుగులను తింటాయి. వాటిని పట్టి కాళ్ళు ఎగుమతి చేయడం ఎక్కువైపోయి 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. అందుకని ఈ ఒక్కచోట మాత్రం అసలు ఎర కన్నా నకిలీదే మేలని మా కమిటీ తీర్మానం. కొరమేను గాలి పీల్చుకోవడానికి పైకి రాక తప్పదు. నాచు మీద గంతులేసే దేన్నయినా కొడుతుంది. రబ్బరు కప్పకు గాలం మొనలు వీపుకు ఆనుకుని ఉంటాయి కాబట్టి నాచుకు తగులుకోదు. మన పిల్లాడు విసిరిన కప్పను ఒక కొరమేను ధభాలున కొట్టింది. వాడు భయపడి వెంటనే లాగేశాడు, కప్ప వచ్చి వాడి చొక్కా మీద పడింది. "రెండు అంకెలు లెక్కపెట్టుకుని లాగాలిరా, దాన్ని మింగనియ్" అన్నారు తాత. ఆ రెండు అంకెలు లెక్కపెట్టే ఓపిక ఏడాది చివరికి గానీ ఎవరికీ రాలేదు.

ఒక నియమం మాత్రం తాతే పెట్టారు. వానాకాలంలో కొరమేను పిల్లలు ఎర్రటి గుంపుగా నీటి పైన కదులుతుంటాయి, తల్లీతండ్రీ కిందే కాపలా కాస్తుంటాయి. ఆ గుంపులోకి కప్పను విసిరితే అవి ఆకలితో కాదు, కోపంతో కొడతాయి. పట్టడం సులువు. అలా పడితే పిల్లలన్నీ మిగతా చేపల పాలవుతాయి. గుంపు కనబడితే గాలం చుట్టేయాలి. ఇది పాటించని వారిని, పెద్దవారైనా సరే, ఇకమీదట తీసుకెళ్ళం. పెద్దవారైనా అని ఎందుకు రాశానో ఒక సభ్యుడికి తెలుసు.

రబ్బరు పురుగులు మాత్రం నాకు నచ్చలేదు. పెరట్లో వానపాము ఉండగా డబ్బు పెట్టి కొన్నవి, తెగిపోతే నీళ్ళలో ఏళ్ళ తరబడి ఉండేవి. పెట్టెలోని వాటిలో సగానికి పైగా చెరువులోనే తెగిపోయాయి. చెరువు యజమాని గారు మర్యాదగా ఊరుకున్నారు.

ప్రమాదం ఒకటే జరిగింది. గాలం గుచ్చుకున్నది పిల్లలకు కాదు, ఈ నివేదిక రాస్తున్న నా బొటనవేలికి. పిల్లలకిచ్చిన గాలాలన్నిటికీ మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును కటింగ్ ప్లేయర్‌తో ముందే నొక్కేయించాం, కాబట్టి ఇట్టే వచ్చేసింది. టీటీ ఇంజెక్షన్ చేయించుకున్నాను. చిన్న చేపలను వదిలేటప్పుడు చేతులు తడిపి పట్టుకోవాలన్నది పిల్లలు బాగా పట్టుకున్నారు. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోయి చేపకు జబ్బు చేస్తుంది. ఇంగిలాయి పడితే మాత్రం ఎవరూ ముట్టుకోకుండా తాతను కేకేయాలి, దాని ముల్లు పోటు విషం.

రెండు కుటుంబాల వారు రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపారు. సరదా కోసం ప్రాణిని నొప్పించడం పిల్లలకు నేర్పుతున్నామని వారి మాట. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పట్టిన పెద్ద చేపలు యజమాని గారివి, ఆయన ఇచ్చినవి వండుకున్నాం. ఊరికే పట్టి ఊరికే వదిలే ఆట పెట్టలేదు. అయినా వారి బాధలో న్యాయం ఉంది. వారి పిల్లలు బెండ్లు చెక్కడానికీ పిండి కలపడానికీ వచ్చారు, గాలం వేయలేదు.

డిసెంబరులో కైకలూరు దగ్గర ఆటపాకకు వెళ్ళాం. కొల్లేరు అభయారణ్యం, 2002 నుంచి రామ్సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో ఉన్న సరస్సు. గాలాలు ఇంట్లోనే పెట్టి వెళ్ళాం. పెలికాన్లు గుంపుగా చుట్టుముట్టి చేపలను ఒకచోటికి తోలడం, ఎర్రకాళ్ళ కొంగలు ముక్కు తెరిచి నీళ్ళలో పెట్టి తగిలినదాన్ని తగిలినట్టు పట్టడం పిల్లలు చూశారు. పురుగునో ఆకునో నీళ్ళ మీద వేసి చేపను రప్పించే చిన్న కొంగ జాతి కూడా ఒకటుంది. అది చెప్పడం నా పొరపాటు. దాన్ని చూడందే కదలమని మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. అది కనబడలేదు. బిర్యానీ చల్లారిపోయింది.

దారిలో ఒక పాప పులసకు ఏ ఎర వేయాలని అడిగింది. పులస గాలానికి పడదు. నీళ్ళను వడగట్టి సూక్ష్మజీవులను తినే చేప అది, గోదారికి ఎదురీదేటప్పుడు తిండి మీద ధ్యాసే ఉండదు. వలే దిక్కు. "మరి డబ్బులు ఎర వేస్తే?" అంది. ఆ పాప వాళ్ళ నాన్నగారు మన కోశాధికారి.

వచ్చే వేసవికి క్లాసులు ఉంటాయి. తాత వస్తానన్నారు, కాకపోతే పొద్దున ఆరు దాటాక వచ్చిన వాళ్ళకు చెప్పనన్నారు. పిల్లలతో పాటు ఒక పెద్దవారు గట్టు మీద ఉండాలి, ఫోన్ చూస్తూ కాదు. ఇంట్లో వాడని దోమతెరలు, వెదురు కర్రలు, పాత నట్లు ఉంటే ఇవ్వండి.

గాలపు కర్రలన్నీ వాచ్‌మన్ గదిలో ఉన్నాయి. రబ్బరు కప్ప మాత్రం లేదు. తీసుకున్నవారు సమావేశం లోపు తెచ్చి పెట్టగలరు, అది చీర పిల్లాడిది.

— కార్యదర్శి