మడమ తిరిగిందిరా కండెగా!

తంపెరె, ఫిన్లండ్,
జనవరి నెలాఖరు, ఆదివారం, మధ్యాహ్నం మూడున్నర

ఒరేయ్ కండెగా,

తిట్టు. ముందు కడుపునిండా తిట్టేసి ఆ తర్వాత చదువు. దసరాకి రాస్తానన్నాను, దీపావళికి రాస్తానన్నాను, సంక్రాంతికి ఒట్టేశాను. నీ ఉత్తరం మూడు నెలలుగా ఫ్రిజ్ తలుపు మీద వేలాడుతూ, పాలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడల్లా మన లెక్కల మాస్టారు గొడుగు ఊపినట్టు నన్ను బెదిరిస్తోంది. వాట్సాప్‌లో చెప్పేద్దును గానీ నువ్వు చదవకుండా బొటనవేలు బొమ్మ పెట్టి పోతావు. ఆ మోసం ఇక్కడ కుదరదు. మొత్తం చదువు.

క్షేమ సమాచారాలు ఒక్క ముక్కలో: ఉద్యోగం ఉంది, మోకాలు తగ్గింది, గోంగూర పచ్చడి అయిపోయింది, పెళ్ళి సంగతి నువ్వు అడగలేదు నేను చెప్పలేదు. బయట మైనస్ పద్దెనిమిది. ఇది మా బిల్డింగు అడుగున బట్టలుతుక్కునే గదిలో కూర్చుని రాస్తున్నా. ఇక్కడ మిషన్లు అందరివీ, గంటల లెక్కన వంతులు రాసుకుంటాం. నా వంతు ఐదింటి దాకా. అంటే నీకు దక్కేది గంటన్నర.

అసలు సంగతి. నేను సాక్సు అల్లాను.

నవ్వు, నవ్వు. నవ్వి రా, ఆగుతా.

చేత్తో, సూదులతో, ఊలుతో. మడమతో సహా! ఆ మడమ కోసమే ఈ ఉత్తరం. ఎవరికీ చెప్పుకోలేక చస్తున్నా. ఆఫీసులో చెప్తే "ఓహో" అంటారంతే, ఎందుకంటే ఈ దేశంలో చేతిపని బళ్ళో అందరికీ పాఠమే, మగపిల్లలకి కూడా. బళ్ళో కుర్రాడు చేసే పని నలభై రెండేళ్ళకి చేశానని గొప్పలు చెప్పుకుంటే ఏం బాగుంటుంది? నీకైతే చెప్పొచ్చు. పడుగూ పేకా తెలిసినవాడివి. పైగా నీకు ఎదురు మాట్లాడే వీల్లేదు, నేనింకా జీడిపప్పు సంచీ విషయం మీ ఆవిడకి చెప్పలేదు.

మొదలైంది నవంబరులో. ట్రామ్ కోసం నిలబడి చలికి చెవులు ఊడిపోతుంటే ఎదురుగా ఉన్న లైబ్రరీలోకి దూరాను. పెద్ద లైబ్రరీరా, అడవికోడి ఆకారంలో కట్టారు, దాని పేరే అడవికోడి. (మన వేటపాలెం లైబ్రరీ సారస్వత నికేతనం ముందు ఏదైనా బలాదూరే అని నీ వాదన. ఒప్పుకున్నా.) లోపల ఒక బల్ల చుట్టూ పదిమంది కూర్చుని అల్లుకుంటున్నారు. కాఫీ వాసన వచ్చింది, వెళ్ళి పక్కన చేరాను. ఒక పెద్దావిడ చూసి, ఏం కావాలని అడగలా, కుర్చీ జరిపింది. ఎనభై దాటి ఉంటుంది. అందరూ ఆవిణ్ణి ముమ్మో అంటున్నారు. ముమ్మో అంటే వీళ్ళ భాషలో మామ్మ! ఇంకో తమాషా విను, ఊలు దారాన్ని వీళ్ళేమంటారో తెలుసా? లంక. దారం కొట్టుని లంక కొట్టు అంటారు. లంకలో పుట్టినవాళ్ళంతా రాక్షసులే అని మనవాళ్ళు ఊరికే అనలేదురా, ఆ మామ్మ నన్ను పెట్టిన తిప్పలు నీకు చెప్తే తెలుస్తుంది.

తప్పు నాదే. కూర్చున్నవాణ్ణి కూర్చోకుండా, మేం తరతరాలుగా నేతగాళ్ళం, పుట్టిందే మగ్గం పక్కన అని కోశాను. ఈ ఊరు కూడా నేత ఊరేలే. ఫిన్లేసన్ అని స్కాట్లండ్ ఆయన 1820లో ఇక్కడి నది ఒడ్డున మిల్లు పెట్టాడు. 1882లోనే ఆ మిల్లు నేతసాలలో ఎడిసన్ బల్బులు వెలిగాయట. ఇప్పుడందులో సినిమా హాలూ, బీరు హోటలూ ఉన్నాయి. అందుకని ముమ్మోకి నేతంటే గౌరవమే. నా మాట విని, "నో నీన్" అంది. ఈ నో నీన్ మన "సరే" లాంటిది, పలికే తీరుని బట్టి అర్థం మారుతుంది. అప్పుడర్థం కాలేదు గానీ ఆ రోజు దానర్థం "చూద్దాంలే నీ సంగతి".

ఐదు సూదులిచ్చింది. రెండు వైపులా మొన ఉన్నవి. నాలుగింటి మీద పన్నెండేసి కుట్లు (అల్లిక ఉచ్చుల్నే కుట్లంటున్నా), మొత్తం 48. ఐదోదానితో అల్లుకుంటూ గుండ్రంగా తిరగాలి. పందికొక్కు బోనులో చెయ్యి పెట్టినట్టుంటుంది. ఒక సూదితో అల్లుతుంటే ఇంకోటి జారి కింద పడుతుంది. నిశ్శబ్దంగా ఉన్న లైబ్రరీలో అది టింగుమంటుంది, అందరూ చూస్తారు, ఎవరూ ఏమీ అనరు. రెండు ప్లెయినూ రెండు పర్లూ (అంటే తిరగేసిన కుట్లు) వేసుకుంటూ పైపట్టీ పూర్తి చేసేసరికి రెండు బుధవారాలు పట్టింది. అక్కణ్ణించి చీలమండ దాకా ఉత్త గొట్టమే. అదేముంది, హాయిగా సాగింది. ఇంతేనా సాక్సంటే అనుకున్నా.

అక్కడొచ్చిందిరా మడమ.

జాగ్రత్తగా చదువు, ఇది నీకు తప్ప ఇంకెవరికీ రాయను. 48లో సగం, అంటే 24 కుట్లు, పక్కన పడేస్తావు. మిగతా 24 మీదే అటూ ఇటూ, అచ్చం మగ్గం మీద పేక పోగుతో నాడె తిరిగినట్టు, ఒక పలకలాగా అల్లుతావు. ఇరవై నాలుగు వరసలు. పలక బయటివైపు కనిపించే వరసలో ఒక కుట్టు అల్లకుండా ఎత్తి, ఒకటి అల్లి, ఒకటి ఎత్తి. అలా ఎత్తిన చోటల్లా వెనకనుంచి పోగు అడ్డంగా పడి పలక మందంగా తయారవుతుంది. సాక్సు ముందు చిరిగేది మడమ దగ్గరే గదా, అందుకు. 1939లో రష్యావాళ్ళతో యుద్ధమొచ్చినప్పుడు వాళ్ళమ్మ ఇలాంటివే అల్లి సరిహద్దుకు పంపేదని చెప్పింది ముమ్మో. ఆవిడ నాతో మాట్లాడిన అతి పొడుగు వాక్యం అదే.

పలక దాకా నేను రాజుని. నేతే గదా. ఆ తర్వాత ఆ 24ని మూడు వాటాలు చెయ్యమంది. ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది. నడిమి వాటా అల్లి, దాని ఆఖరి కుట్టునీ పక్కవాటా మొదటి కుట్టునీ కలిపి ఒకటిగా అల్లి, వెనక్కి తిరుగు అంది. వరస మధ్యలో! పక్కన ఇంకా ఏడు కుట్లు సూది మీద నన్ను చూస్తుండగా!

నా చేతులు ఒప్పుకోలేదురా. నిజంగా చెప్తున్నా, చేతులే ఒప్పుకోలేదు. అంచు నుంచి అంచుకు పోని పేక మన వీధిలో నువ్వెప్పుడైనా చూశావా? చిన్నప్పుడు నాడె మధ్యలో ఆగితే మా నాన్న ఏం చేసేవాడో నీకు తెలుసు, నీ వీపుకి కూడా తెలుసు. అందుకని ఆవిడ చెప్పింది తప్పేమో, నాకు భాష సరిగ్గా అర్థం కాలేదేమో అనుకుని, మర్యాదగా వరస పూర్తి చేసి తిరిగాను. ఇంకో వరస. ఇంకోటి. పలక పొడుగైంది. తువ్వాలులా తయారైంది. ముమ్మో తీసుకుంది, చూసింది, నో నీన్ అని పోగు పట్టుకు లాగింది. సర్రుమని పది వరసలు పోయాయి. మగ్గం మీద తప్పు పోతే ఆ బట్టకి అది పుట్టుమచ్చే గదరా. ఇక్కడ మొత్తం ఒకే పోగు, లాగితే తప్పూ ఉండదు, సాక్సూ ఉండదు.

నాలుగుసార్లు విప్పించింది. నాలుగోసారి బల్ల చివరాయన ఒకటన్నాడు, అందరూ నవ్వారు. మామ్మ కూడా. తర్వాత అడిగితే చెప్పారు, వీళ్ళ భాషలో దెబ్బలు తిని నేర్చుకోవడాన్ని "మడమ ద్వారా నేర్చుకోవడం" అంటారట! నిజంగా ఉన్న నుడికారం. నేను అక్షరాలా మడమ ద్వారానే నేర్చుకుంటున్నానని వాళ్ళ ఆనందం.

ఐదోసారి కళ్ళు మూసుకున్నంత పని చేసి మధ్యలో తిరిగాను. వరసకొకటి చొప్పున పక్కవాటాలు తరుగుతున్నాయి. ఏడు, ఆరు, ఐదు... పదహారు వరసలకి రెండు పక్కలూ ఖాళీ. సూది మీద ఎనిమిదే కుట్లు. చేతిలోకి తీసుకుని చూద్దును గదా, గిన్నె! ఉగ్గుగిన్నెరా! కత్తెర పడలేదు, సూదీదారంతో కుట్టిందీ లేదు, చదునుగా ఉన్నది చదునుగానే ఉండి మధ్యలో గుంట తేలింది. ట్రామ్‌లో ఇంటికొస్తూ దాన్ని పిడికిలికి తొడుక్కుని కూర్చున్నా. ఎదురు సీటు పిల్లాడు చూస్తూనే ఉన్నాడు.

తర్వాతంతా లెక్క. పలక అంచుల్లోంచి అటు పదమూడు ఇటు పదమూడు కుట్లు ఎత్తుకుంటే మొత్తం 58 అవుతాయి, వాటిని వరస విడిచి వరస రెండేసి తగ్గిస్తూ మళ్ళీ 48కి తేవాలి. వేళ్ళ దగ్గర తగ్గించుకుంటూ పోయి మిగిలిన ఎనిమిది కుట్లలోంచి పోగు లాగి సంచి మూతిలా బిగించెయ్యాలి. అయిపోయింది. కుడికాలు.

ఎడమకాలు చెప్పనా? చెప్పకపోతేనే పరువు. సరే విను. ఒకటొచ్చింది గదాని పొగరెక్కి రెండోది ఇంకో పద్ధతిలో పట్టాను. దీనికి ఐదు సూదులుండవు. పొడుగు తీగ మీద రెండే మొనలు, తీగని మధ్యలో ఉచ్చులా బయటికి లాగి అల్లడం. సూదులు జారి పడవు. వేళ్ళ దగ్గర మొదలెట్టి పైకి రావాలి, మధ్యమధ్యలో తొడుక్కుని చూసుకోవచ్చు, ఊలు ఎంతుంటే అంత పొడుగు లాగొచ్చు. మడమ కూడా వేరే, ఇసుక గడియారం మడమ అంటారు. పలకా గిలకా ఏం లేదు. వరసకొక కుట్టు వదులుకుంటూ నడిమి ఎనిమిదికి కుంచించి, మళ్ళీ ఒక్కొక్కటి కలుపుకుంటూ వెడల్పు చెయ్యడమే. చూడ్డానికి భలే నాజూకు. కానీ నా కాలి మెడ ఎత్తు, అక్కడ బిగదీసింది. నాకైతే పలక మడమే మేలు. నాజూకు వాళ్ళకి ఇసుక గడియారం. పైగా ఆఖర్న పైపట్టీ ముగించేటప్పుడు భయపడి గట్టిగా బిగించానేమో, మొత్తం తయారైన సాక్సులోకి కాలు దూరలేదు! ఎన్‌సీసీ క్యాంపులో నువ్వు హవాయి చెప్పుల మీద సాక్సులు తొడిగిన రోజు గుర్తొచ్చింది. అన్నట్టు ఈజిప్టులో పదహారు వందల ఏళ్ళ కిందటి సాక్సు దొరికింది తెలుసా, బొటనవేలికి వేరే అర ఉంది, చెప్పుల్లో దూరడానికి. అంటే అప్పుడే నీలాంటివాళ్ళు...

మిషన్ ఆగింది. ఆగు, డ్రయ్యర్లో పడేసి వస్తా.

వచ్చా. ఎక్కడున్నాం? ఆఁ, నాన్న.

పోయిన ఆదివారం వీడియో కాల్లో ఊరికే చూపించాను. తొమ్మిదేళ్ళుగా నాన్న నన్నడిగేవి మూడే, తిన్నావా, జీతం పడిందా, చలెంత. ఆ రోజు కళ్ళజోడు తెమ్మన్నాడు. "దగ్గరికి పట్టు" అన్నాడు. తిప్పించాడు. లోపలిది బయటికి తీయించాడు. "కుట్టు ఎక్కడరా?" అన్నాడు. లేదన్నాను. "కత్తిరించలా?" లేదన్నాను. "మరి మూల ఎట్టా తిరిగింది?"

కొత్త ఊలు తీసి ఫోను ముందు అల్లి చూపించాను రా, యాభై నిమిషాలు. వెనకాల అమ్మ అన్నం చల్లారిపోతోందని కేకలేస్తోంది. మధ్యలో "నాలుగు చోట్ల బిగువు తప్పావు" అన్నాడు. నిజమే, సూదికీ సూదికీ మధ్య సందుల్లో నిచ్చెనలు పడ్డాయి, ముమ్మో కూడా ఏమీ అనలేదు, మన వేటపాలెంలో కూర్చుని ఫోన్లో పట్టేశాడు. మడమ తిరిగే వరస రెండుసార్లు చూశాడు. చూసి, "అంటే చివరిదాకా పోకుండానే వెనక్కి రావచ్చన్నమాట" అన్నాడు.

ఏదో అందామనుకున్నా. నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంట పూడ్చి దాని మీద ఫ్రిజ్ పెట్టారు గదా, ఆయన ఇప్పటికీ అక్కడ కాలు వేసేముందు ఒక్క క్షణం... సరే, వదిలెయ్. అది నాకు రాయడం రాదు.

వెంటనే తేరుకుని లెక్కల్లోకి దిగాడులే. "ఊలు మనకెందుకురా ఉడికిపోవడానికి, నూలుతో కుదరదా?" అని. నేను వాడింది లావు రకం, దాని పేరు ఏడుగురు అన్నదమ్ములు. (మన కథలో ఏడు చేపల్లో ఎండనిది నా ఎడమ సాక్సే.) వంద గ్రాములకి రెండొందల మీటర్లొస్తుంది, సన్నరకమైతే నాలుగొందలు అన్నాను. కళ్ళు మూసుకున్నాడు. "నలభయ్యో నంబరు నూలు పదహారు పోగులు కలిపి పేనితే ఇంచుమించు సరిపోద్ది" అన్నాడు. తర్వాత కాగితం మీద వేసి చూసుకున్నా, వంద గ్రాములకి 423 మీటర్లొచ్చింది, అంటే సన్న ఊలంత. నాకు కాలిక్యులేటర్ కావాల్సొచ్చింది.

కాబట్టి నీకు రెండు పనులు. ఒకటి, నలభయ్యో నంబరు నూలు చిలపలు (కట్టలు) నాలుగు కొని నాన్నకివ్వు. డబ్బు పంపుతా. పేనడం ఆయన చూసుకుంటాడు, నువ్వు వేలు పెట్టకు, నీ పేరు కండెగాడు ఎందుకయిందో ఆయన మర్చిపోలేదు. రెండోది ముఖ్యం. ఆయన పాదం కొలతలు కావాలి. అడిగితే "నాకెందుకురా" అంటాడు. పొద్దున్నే ఆ గచ్చు మీద వేళ్ళు ముడుచుకుని నడుస్తాడని అమ్మ చెప్పింది. ఏదో వంకన టేపు పట్టు. చెప్పులు కొంటున్నానని చెప్పు. మడమ నుంచి బొటనవేలి కొస దాకా ఒకటి, వేళ్ళ మొదట్లో పాదం చుట్టూ ఒకటి, మడమ మీదుగా కాలి మెడ చుట్టూ ఒకటి. తగ్గించీ పెంచీ చెప్పకు, ఉన్నది ఉన్నట్టు రాయి. ఊలైతే చుట్టుకొలతలో పదోవంతు తగ్గించి అల్లాలి, సాగి పట్టుకుంటుంది. నూలు అంత సాగదు, దానికెంత తగ్గించాలో ముమ్మోని అడగాలి.

అమ్మో, ఐదు కావస్తోంది. తర్వాతి వంతువాళ్ళు బుట్ట పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. ఏమీ అనరు, అదే నా భయం. పిన్నికి నమస్కారాలు. మీ చిన్నదానికి కూడా ఒక జత... దాని కాలు కూడా కొలువు, పెరిగే కాలు కదా తేదీ వెయ్యి. ఇంకా మూడో బెంచీవాడి సంగతి చెప్పాలనుకున్నా, వాడు మొన్న

సరే వెళ్తున్నా. నాన్నవి రెండు కాళ్ళూ కొలవాలిరా, ఒకటి కొలిచి రెండోది కూడా అంతేలే అనుకోకు!

నీ పేకగాడు