రగ్బీ ఆడే యువత పని అనుభవానికీ, సేవకూ గుర్తింపు కావాలి

సంపాదకులకు నమస్కారం.

నేను చూస్తున్నంతలో మన జిల్లాల్లో రగ్బీ వైపు వస్తున్న పిల్లలు మెల్లగా పెరుగుతున్నారు. కబడ్డీలో పట్టు పట్టడం తెలిసినవారికి ఈ ఆటలో టాకిల్‌ (బంతితో పరుగెత్తేవారిని పట్టుకుని కింద పడేయడం) అంటే బెదురు ఉండదు, ఖోఖో ఆడినవారికి పరుగులో ఉన్నట్టుండి దిశ మార్చడం కొత్త కాదు. అయితే ఆట మొదలుపెట్టిన రెండు మూడేళ్లకే ప్రతి ఇంట్లోనూ ఒకే ప్రశ్న వస్తోంది: దీనివల్ల రేపు ఉద్యోగం దొరుకుతుందా? ఆ ప్రశ్నకు పతకాల లెక్కతోనే జవాబు చెప్పాలనుకుంటే చాలామంది పిల్లల విషయంలో మన దగ్గర జవాబే ఉండదు. ఆటతో పాటు వాళ్లు నేర్చుకుంటున్న పనికీ, ఉచితంగా అందిస్తున్న సేవకూ ప్రభుత్వ శాఖలు, కళాశాలలు, ఉద్యోగాలిచ్చే సంస్థలు విలువ కట్టాలని విన్నవించడానికే ఈ లేఖ రాస్తున్నాను.

వ్యాయామ ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన నేను ఇప్పటికీ మైదానానికి వెళ్తూనే ఉంటాను. అక్కడ నాకు పరిచయమైన ఒక రగ్బీ క్రీడాకారిణి ఫిజియోథెరపీ డిగ్రీ చదువుతోంది. తెల్లవారుజామున సాధన, పగలు తరగతులు, సాయంత్రం ఒక క్లినిక్‌లో సహాయకురాలిగా పని. అక్కడ వచ్చినవారి పేర్లు నమోదు చేస్తుంది, వేడి కాపడం పెట్టే ప్యాకులు సిద్ధం చేస్తుంది, మోకాలి శస్త్రచికిత్స అయిన పెద్దవారి చేయి పట్టుకుని మెట్లు ఎక్కించి దించుతుంది. ఆదివారం ఉదయం ప్రభుత్వ పాఠశాల మైదానంలో పిల్లలకు ట్యాగ్‌ రగ్బీ నేర్పుతుంది. ఇందులో ఎదుటివారిని కింద పడేయడం ఉండదు. నడుముకు కట్టుకున్న పట్టీ నుంచి వేలాడే పేలికను లాగేస్తే టాకిల్‌ చేసినట్టే లెక్క. కొత్త పట్టీలు కొనే స్తోమత లేక, పాత చీరల అంచులు చింపి రెండు రంగుల పేలికలు తానే తయారు చేసింది. ఆట మొదలుపెట్టే ముందు పిల్లలందరినీ వరుసగా నడిపించి గాజుపెంకులు, కంకరరాళ్లు ఏరిస్తుంది. ఎవరు పడ్డారు, ఎక్కడ దెబ్బ తగిలింది, ఇంటికి ఫోన్‌ చేసి చెప్పామా లేదా అన్నది ఒక నోట్‌బుక్‌లో రాసి పెడుతుంది. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే చాలు, ఆ పిల్లవాడు ఎంత మారాం చేసినా ఆ రోజు మళ్లీ ఆడనివ్వదు. అంతర్జాతీయ రగ్బీ సమాఖ్య నిబంధన కూడా అదే.

జట్టులో చోటు దొరికినా దొరకకపోయినా, భారత మహిళల జట్టుతో ప్రయాణించే ఫిజియో కావాలన్నది ఆమె ఆశయం. దానికి పనికొచ్చే అనుభవమంతా ఈ ఆదివారాల్లోనే ఉంది. కానీ ఈమధ్య ఆమె ఇంటర్న్‌షిప్‌ కోసం వెళ్లిన ఒక సంస్థలో, ఆదివారాల పనికి ధ్రువపత్రం లేదు గనుక దాన్ని అనుభవంగా చూడలేమని చెప్పారట. ‘సార్‌, నోట్‌బుక్‌ తెరిచి కూడా చూడలేదు’ అని ఆమె చెప్పినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. ధ్రువపత్రం ఇచ్చే వ్యవస్థే లేనప్పుడు ఆ పిల్ల ఎక్కడి నుంచి తెస్తుంది?

ఒక్క ఆటనే నమ్ముకుని బతికే స్థితి మన దేశంలో రగ్బీకి ఇంకా రాలేదు. 2025 జూన్‌లో ముంబయిలో తొలిసారి రగ్బీ ప్రీమియర్‌ లీగ్‌ జరిగింది. అందులో హైదరాబాద్‌ హీరోస్‌ పేరుతో మన నగరం జట్టు కూడా ఆడింది. సంతోషించదగ్గ విషయమే, కానీ ఆరు జట్లతో రెండు వారాల్లో ముగిసే పోటీ ఎంతమందికి ఏడాది పొడుగునా తిండి పెడుతుంది? ఈ ఆట పుట్టిన ఇంగ్లండ్‌లోనే 1995 దాకా రగ్బీ యూనియన్‌ (ఈ ఆటలోని ప్రధాన రకం) ఆటగాళ్లు జీతం పుచ్చుకోవడానికి నియమాలు ఒప్పుకోలేదు, అక్కడి మహిళల జట్టుకు పూర్తికాల ఒప్పందాలు దక్కింది 2019లో. అందుకే విదేశాల్లోనూ క్రీడాకారులు మరో వృత్తిని చేతిలో ఉంచుకోవడం చిన్నతనంగా భావించలేదు. వేల్స్‌ జట్టు ఆటగాడు జేమీ రాబర్ట్స్‌ అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడుతూనే కార్డిఫ్‌లో వైద్యవిద్య చదివి 2013లో డాక్టరయ్యాడు. ఇంగ్లండ్‌ తరఫున ఆడిన షోనా బ్రౌన్‌ అగ్నిమాపక దళంలో పనిచేసింది, గ్యాస్‌ ఇంజినీరుగానూ పనిచేసింది. 2024 పారిస్‌ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన అమెరికా జట్టులోని ఇలోనా మాహెర్‌ నర్సింగ్‌ పట్టభద్రురాలు. వీళ్లను చూసి ఆట మీద శ్రద్ధ లేనివారని ఎవరైనా అనగలరా?

అంత దూరం వెళ్లనక్కరలేదు. కోల్‌కతా మైదాన్‌లో ఆడే జంగిల్‌ క్రోస్‌ క్లబ్బును చూడండి. బ్రిటన్‌ దౌత్య కార్యాలయ ఉద్యోగిగా ఆ నగరానికి వచ్చిన పాల్‌ వాల్ష్‌ దాన్ని మొదలుపెట్టారు. ఆ క్లబ్బులో పెరిగిన యువకులే కోచ్‌లుగా మారి చుట్టుపక్కల బస్తీల పిల్లలకు ఆట నేర్పారు. జల్పాయీగుడి జిల్లాలోని సరస్వతీపూర్‌ తేయాకు తోటకు రగ్బీ వెళ్లిందీ ఆ దారిలోనే. తోట కూలీల కుమార్తెలు అక్కడి నుంచి భారత జట్టు దాకా ఎదిగారు. (రగ్బీకి కోల్‌కతాతో బంధం పాతదే. ఇంగ్లండ్‌, స్కాట్లండ్‌ జట్లు నేటికీ పోటీపడే కలకత్తా కప్‌ ఆ నగరపు క్లబ్బు మూతపడినప్పుడు మిగిలిన వెండి రూపాయలను కరిగించి చేయించిందే.) జీతం ఆశించకుండా పిల్లలకు నేర్పిన ఒక తరం లేకపోతే ఆ తోటలో ఒక్క రగ్బీ బంతి కూడా కనిపించేది కాదు.

ఇక ఉద్యోగాల సంగతి. 2020లో కేంద్రం తన క్రీడా కోటా జాబితాను 43 క్రీడల నుంచి 63కు పెంచినప్పుడు రగ్బీకి అందులో చోటు దొరికింది. ఆంధ్రప్రదేశ్‌ కొత్త క్రీడా విధానంలో ఉద్యోగాల కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. ఇవి మంచి నిర్ణయాలు, వీటిని ఎవరూ తక్కువ చేయకూడదు. అయితే కేంద్ర కోటాకు దరఖాస్తు చేసేవారు సమర్పించాల్సిన ధ్రువపత్రాలు ప్రధానంగా అంతర్జాతీయ, జాతీయ, అంతర విశ్వవిద్యాలయ, పాఠశాల స్థాయి పోటీలకు సంబంధించినవే. అవి పోటీల గురించే అడుగుతాయి. పిల్లలకు నేర్పిన కాలం, విజిల్‌ పట్టి నడిపిన మ్యాచ్‌లు, గాయపడినవారికి చేసిన ప్రథమ చికిత్స రాయడానికి వాటిలో ఒక్క గడి కూడా లేదు. గ్రామీణ పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయులు చాలక ఇబ్బంది పడుతున్న మనకు ఇలాంటి యువత అవసరం ఎంత ఉందో నేను వేరే చెప్పనక్కరలేదు.

తల్లిదండ్రులతో కూడా ఒక మాట. ఆడపిల్లకు దెబ్బ తగిలితే రేపు సంబంధం ఎలా కుదురుతుందని అడిగే తండ్రులు నాకు ఇప్పటికీ ఎదురవుతున్నారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను, గాయాలు ఈ ఆటలో నిజంగానే ఉన్నాయి. భుజాల కంటే పైన టాకిల్‌ చేయకూడదన్న నియమం, తలదెబ్బ విషయంలో కఠినమైన జాగ్రత్తలు వచ్చింది అందుకే. వాటిని తు.చ. తప్పకుండా అమలు చేసే కోచ్‌ దగ్గర మీ బిడ్డ ఆడుతోందా లేదా అన్నది మైదానానికి వచ్చి స్వయంగా చూడండి. మాన్పించే ముందు కనీసం ఒక ఆదివారం కూర్చుని చూడండి.

రెండు రాష్ట్రాల క్రీడా ప్రాధికార సంస్థలను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. ప్రభుత్వ పాఠశాలల్లో స్వచ్ఛందంగా శిక్షణ ఇచ్చే క్రీడాకారులకు ఒక రికార్డు పుస్తకం ఇచ్చి, ప్రధానోపాధ్యాయుడి సంతకంతో వారి పని గంటలు నమోదు చేయించాలి. జిల్లా క్రీడాధికారి ఏడాదికి ఒకసారి దాన్ని తనిఖీ చేసి ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ ధ్రువపత్రానికి ఒప్పంద కోచ్‌ల నియామకాల్లో కొన్ని మార్కులు కేటాయించాలి. రిఫరీ, ప్రథమ చికిత్స శిక్షణ తరగతులకు హాజరయ్యే పేద క్రీడాకారుల ప్రయాణ ఖర్చు ప్రభుత్వమే భరించాలి. ఫిజియోథెరపీ, వ్యాయామ విద్య కళాశాలలు ఈ మైదానాల్లో చేసిన పనిని తమ ఇంటర్న్‌షిప్‌ గంటల్లో కొంతైనా కలుపుకొనే అవకాశాన్ని విశ్వవిద్యాలయాలు పరిశీలించాలి. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా ఒక్క జిల్లాలోనైనా దీన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభిస్తే, రికార్డు పుస్తకం నమూనా తయారు చేయడానికి, ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి ఒప్పించడానికి నావంటి విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయులు ఎలాంటి పారితోషికం లేకుండా సహకరించడానికి సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
వరంగల్‌