పొలంలో విమానం దిగితే ముందు చేరేది మనమే

సంపాదకులకు,

నమస్కారం. మొన్నటి వరి కోతల రోజుల్లో, ఒడిశాలోని జయపురం పక్కనే ఉన్న ఒక పల్లెలో, మా బావమరిది కళ్లంలో నేను కూర్చుని ఉండగా, తల మీదుగా వెళ్తున్న చిన్న విమానం మోత ఉన్నట్టుండి తగ్గిపోయింది. ‘ఇంజను ఆగిపోయింది, పడిపోతోంది’ అని ఎవరో పెద్దగా అరిచారు. రెండు నిమిషాలు తిరక్కుండానే కోత కూలీలు, రోడ్డు మీద మోటారు సైకిళ్లు ఆపినవారు, బడి నుంచి వస్తున్న పిల్లలు, అందరూ కలిసి ముప్పై మంది దాకా గట్ల వెంబడి పరుగు తీశారు. అందరికన్నా ముందు పరుగెత్తుతున్న మనిషి వేళ్ల మధ్య వెలిగించిన బీడీ అలాగే ఉంది. నిజానికి విమానానికి ఏమీ కాలేదు. రన్‌వే దగ్గర పడుతోంది కనుక పైలట్ వేగం తగ్గించారు, అంతే. కానీ ఆ బీడీ నా కళ్ల ముందు నుంచి ఇప్పటికీ పోవడం లేదు. ఆ రోజు నిజంగానే విమానం పొలంలో దిగి, రెక్కలోంచి ఇంధనం కారుతూ ఉండి ఉంటే, సాయం చేయాలని పరుగెత్తిన ఆ మంచి మనిషే అందరి ప్రాణాల మీదకు తెచ్చేవాడు. తప్పు ఆయనది కాదు. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం కింద 2022 అక్టోబరు 31న భువనేశ్వర్, జయపురం, విశాఖపట్నం దారిలో తొమ్మిది సీట్ల విమానం మొదలైన రోజు ఇక్కడి తెలుగువాళ్లం ఎంత సంతోషించామో చెప్పలేను. ఘాట్ రోడ్డులో రోగిని విశాఖ ఆసుపత్రికి తీసుకువెళ్లిన ప్రతి కుటుంబానికీ దాని విలువ తెలుసు. ఆ విమానానికి ఉండేది ఒక్కటే ఇంజిన్. అది గట్టి పేరున్న టర్బైన్ ఇంజిన్ కనుక ప్రయాణికులను భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అయితే ఒకే ఇంజిన్ ఉన్న విమానం నడిపే ప్రతి పైలట్‌కూ అది ఆగిపోతే ఏం చేయాలన్నది మొదట్లోనే నేర్పుతారు. అలాంటప్పుడు, ఆ విమానం దిగబోయే నేల మీద ఉన్నవారికి కూడా ఒక్క పాఠమైనా నేర్పాలి కదా అన్నదే నా వేదన.

ఇంజిన్ ఆగినంత మాత్రాన విమానం రాయిలా కింద పడదు. శిక్షణకు వాడే సెస్నా 172 వంటి చిన్న విమానం ఇంజిన్ లేకుండా దాదాపు తొమ్మిది అడుగులు ముందుకు సాగితే ఒక అడుగు కిందికి దిగుతుంది. నేలకు మూడు వేల అడుగుల ఎత్తులో ఇంజిన్ ఆగితే, గాలి అనుకూలించినా ప్రతికూలించినా కొంత తేడాతో, పైలట్ చేతిలో ఉండేది ఎనిమిది కిలోమీటర్ల దూరం, నాలుగు నిమిషాల సమయం. ఆ నాలుగు నిమిషాల్లోనే ఆయన విమానాన్ని సరైన వేగంలో నిలపాలి, దిగడానికి చోటు ఎంచుకోవాలి, ఇంధనం ఒక ట్యాంకు నుంచి రాకపోతే ఇంకో ట్యాంకుకు మార్చి ఇంజిన్‌ను మళ్లీ అందుకునేలా చేయడానికి ప్రయత్నించాలి, ఆపదలో ఉన్నామని తెలిపే ‘మేడే’ మాటను రేడియోలో మూడుసార్లు చెప్పాలి, నేల తాకే ముందు ఇంధనాన్నీ విద్యుత్తునూ ఆపి తలుపు గడియ తీసి ఉంచాలి. ఇక్కడ కొండ వచ్చి ఆ ఎత్తును తినేస్తుంది. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి శిఖరం (1,672 మీటర్లు) మా జిల్లాలోనే ఉంది.

పై నుంచి చూసే పైలట్‌కు మా నేల ఎలా కనిపిస్తుందో ఎప్పుడైనా ఆలోచించామా? కోత అయి ఎండిన మడి మంచి చోటే, కానీ గట్టు తగిలితే ముందు చక్రం విరుగుతుంది. దమ్ము చేసిన మడిలో చక్రాలు దిగబడి విమానం తలకిందులవుతుంది. నీలగిరి తోటలో చోటే లేదు. కరెంటు తీగలు పై నుంచి దాదాపు కనిపించవు. స్తంభాల వరుసను బట్టే అక్కడ తీగ ఉందని గ్రహించాలి. ఇన్నింటి మధ్య ఆయన ఒక మడిని ఎంచుకుని దిగుతూ ఉంటే, మనం చూడటానికని సరిగ్గా ఆ మడిలోకే పరుగెత్తితే, ఇంజిన్ లేని ఆ విమానం మళ్లీ పైకి లేవలేదు. మనల్ని తప్పించబోయి తీగల మీదకో చెట్ల మీదకో పోతుంది.

కనుక విమానం పూర్తిగా ఆగేదాకా దూరంగా ఉండాలి. ఆగిన తరువాత బీడీ, అగ్గిపెట్టె, మోటారు సైకిల్ దగ్గరికి రాకూడదు. శిక్షణ విమానాల్లో చాలావాటిలో వాడే ఇంధనం పెట్రోలు లాంటిదే, ఆవిరికే అంటుకుంటుంది. ముందున్న పంకా ఆగిపోయి ఉన్నా దాన్ని ముట్టుకోకూడదు, స్విచ్ వేసే ఉంటే చిన్న కదలికకే అది ఒక్కసారి తిరిగి చేయి తెగగొట్టవచ్చు. మంట వచ్చే సూచన ఉంటే మనుషులను వెంటనే బయటికి లాగాలి. లేకపోతే, మెడకో వెన్నుకో దెబ్బ తగిలి ఉండవచ్చు కనుక, వారితో మాట్లాడుతూ 112కూ 108కీ ఫోన్ చేయాలి. తరువాత ముక్కలు ఏరుకోవడం, లోపలి పెట్టెలు కదిలించడం చట్టరీత్యా కూడా నేరం. ప్రమాదాల దర్యాప్తు విభాగం అనుమతి వచ్చేదాకా, మనుషులనూ పశువులనూ కాపాడటానికీ మంటలు ఆర్పడానికీ తప్ప, దేన్నీ కదపకూడదు. ట్యాంకులో మిగిలిన కాస్త ఇంధనం, ఏ మీట ఎటు తిప్పి ఉందన్నది, ఇవే ఇంజిన్ ఎందుకు ఆగిందో చెప్పే సాక్ష్యాలు. ఇంధనంలో నీళ్లు కలిసినా, ట్యాంకు మార్చడం మరిచినా, లోపలి భాగం విరిగినా తేడా తెలిసేది వాటి వల్లే.

ఇది ఊహించి రాస్తున్న భయం కాదు. 2022 జులైలో మహారాష్ట్రలోని ఇందాపూర్ తాలూకాలో ఒంటరిగా విమానం నడుపుతున్న శిక్షణార్థిని పొలంలో కూలి, చిన్న గాయాలతో బయటపడింది. 2023 మే నెలలో బెళగావి దగ్గర శిక్షణ విమానం పొలంలో దిగినప్పుడు ఇద్దరూ బతికారు. 2020 జూన్‌లో మన ఒడిశాలోనే ఢెంకానాల్ జిల్లాలో శిక్షణ విమానం కూలి గురువూ శిష్యురాలూ ఇద్దరూ పోయారు. పొలంలో విమానం దిగిన చోటికి అగ్నిమాపక శకటం కన్నా ముందు చేరేది చుట్టుపక్కల పొలాల్లో ఉన్నవారే.

జిల్లా కలెక్టరు గారినీ, విమానాశ్రయ అధికారులనూ, అగ్నిమాపక శాఖనూ మీ పత్రిక ద్వారా కోరేది ఒక్కటే. విమానం రాకపోకల దారి కింద ఉన్న పంచాయతీలలో ఏడాదికి రెండుసార్లు, నాట్ల ముందూ కోతల ముందూ, ఒక గంట సభ పెట్టి ఈ సంగతులు చెప్పండి. చెప్పేది ఒక్క ఒడియాలోనే అయితే సరిపోదు. శ్రీకాకుళం, పార్వతీపురం నుంచి వచ్చే కోత కూలీలకు తెలుగులో, కొండ ఊళ్ల వారికి దేశియాలో చెప్పాలి. ఏ ఊరి దగ్గర ఏ మోటారు బోరు నీళ్లు పంపగలదో, ఏ దారిన అంబులెన్సు పొలం దాకా రాగలదో రాసిన చిన్న కాగితం సర్పంచ్ దగ్గరా, అగ్నిమాపక కేంద్రంలోనూ ఉండాలి.

తెలుగు కరపత్రం నేను రాసి ఇస్తాను. దేశియాలో చెప్పడానికి ఆ పల్లెలోని ఒక రైతు ఒప్పుకున్నాడు. ఆ రోజు బీడీతో పరుగెత్తింది ఆయనే.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
జయపురం, కొరాపుట్ జిల్లా, ఒడిశా