నా మూడు రంగుల జుట్టు సంగతి

ప్రియమైన వసూ,

నీ రెండు ఉత్తరాలకు జవాబు బాకీ పడ్డాను, క్షమించు. కారణం తెలిశాక నువ్వు తిట్టినా నవ్వుతూనే తిడతావని నా ధైర్యం. ఇక్కడ అందరూ కులాసా. అమ్మ మోకాలు నొప్పి తగ్గింది, చిన్నవాడి పరీక్షలు అయిపోయాయి, ఆఫీసు ఎప్పటిలాగే ఉంది. ఇక అసలు సంగతికి వస్తాను, ఎందుకంటే ఆరు వారాలుగా దీన్ని ఎవరితోనూ పూర్తిగా చెప్పుకోలేక తలకు స్కార్ఫ్ చుట్టుకుని తిరుగుతున్నాను.

నా జుట్టు మూడు రంగులైంది. ఎండలో నిలబడితే తప్ప తెలియనంత మెత్తటి గోధుమరంగు కావాలని ఒక సెలూన్‌కు వెళ్ళాను. అక్కడి అబ్బాయి ఇంతకు ముందు జుట్టుకు ఏమేమి పెట్టారని ఒక్క ముక్క అడగలేదు. ఒకే గిన్నెలో మందు కలిపి కుదుళ్ళ నుంచి కొసల దాకా ఒకేసారి పూసేశాడు. కడిగి, ఆరబెట్టి, అద్దం చూపిస్తే కుదుళ్ళు రాగి చెంబులా మెరుస్తున్నాయి, నడిమి భాగం తుప్పురంగులో ఉంది, కొసలు మాత్రం మునుపటికన్నా నల్లబడ్డాయి. "రెండు మూడు తలస్నానాలకు సర్దుకుంటుందండీ" అన్నాడు. ఎవరి మనసూ నొప్పించలేని నా జబ్బు నీకు తెలుసు కదా, "చాలా బాగుంది" అని చెప్పి, డబ్బులిచ్చి, వీధి మలుపు తిరిగాక ఏడ్చాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఇంటికి రాగానే ముదురు గోధుమరంగు డబ్బా ఒకటి కొని నేనే దాని మీద పూశాను. హాస్టల్ మేడ మీద నీ జడకు మనం చేసిన ఘనకార్యం, ఆ తర్వాత వార్డెన్ అన్న మాట నీకు గుర్తుండే ఉంటాయి. ఇన్నేళ్ళకు ఆ శాపం నాకు తగిలిందనుకో. రాగి రంగు పోలేదు సరిగదా, దాని మీద బురద పూసినట్టయింది, కొసలు ఇంకో పొర నలుపు తాగాయి.

రెండో సెలూన్‌లో అమ్మాయి నా తల చూసీ చూడగానే "మొత్తం బ్లీచ్ చేసి సాయంత్రానికి కొత్త రంగు వేసేద్దాం" అంది. ముందు ఒక చిన్న పాయ మీద పరీక్షించి చూస్తారా అని అడిగితే, అంత భయమైతే ఎలాగండీ అని నవ్వింది. అప్పుడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని, నువ్వు స్టేషన్లో దిగావని, వెంటనే వెళ్ళాలని చెప్పి బయటపడ్డాను. నా కోసం నువ్వు అలా దిగడం ఇది నాలుగోసారి కాబోలు.

ఈసారి వెతకడంలో కొంచెం తెలివి చూపించాను. రంగు వేసిన రోజు సెలూన్ దీపాల కింద తీసిన ఫొటోలో ఎవరి జుట్టయినా అందంగానే కనిపిస్తుంది కాబట్టి ఫొటోలు చూడడం మానేశాను. ఆఫీసులో ఒకావిడ జుట్టు, రంగు వేయించి మూడు నెలలయినా, పగటి వెలుతురులో కుదుళ్ళు పెరిగిన చోట గీత గీసినట్టు లేకుండా కలిసిపోయి ఉండడం చూసి, ఎవరి చేతి పని అని అడిగాను. అలా దొరికిందావిడ. వసూ, ఈ ఉత్తరమంతా నిజానికి ఆవిడ గురించే.

ఆవిడ ముందు గిన్నె ముట్టుకోలేదు. నా పక్కన కూర్చుని, ఒక పాయను వేళ్ళ మధ్య సాగదీసి పట్టుకుని, జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి ఈ కొసల వయసు మూడేళ్ళు దాటిందని, ఈ మూడేళ్ళలో ఏమేం పెట్టారో గుర్తు చేసుకోమని అడిగింది. నేను క్యాలెండరు తిరగేసినట్టు చెబుతుంటే ఆవిడ పుస్తకంలో రాసుకుంది: నల్లరంగు డబ్బాలు, ఒకసారి గోరింటాకు పొడి, ఆ సెలూన్, మళ్ళీ డబ్బా. గోరింటాకు దగ్గర కలం ఆగింది. కొన్ని పొడుల్లో లోహపు లవణాలు కలుపుతారట, అవి ఉన్న జుట్టుకు బ్లీచ్‌లోనూ రంగుల్లోనూ కలిపే పెరాక్సైడ్ తగిలితే వేడెక్కి వెంట్రుక తెగిపోవచ్చట. మెడ వెనక నుంచి నాలుగు వెంట్రుకలు కత్తిరించి, చిన్న గాజు గిన్నెలో పెరాక్సైడు, కొన్ని చుక్కల అమ్మోనియా కలిపి అందులో వేసింది. అరగంట సేపు మేమిద్దరం ఆ గిన్నెనే చూస్తూ కూర్చున్నాం. బుడగలు రాలేదు, గిన్నె వేడెక్కలేదు. నాకైతే పరీక్ష పాసైనంత సంబరం.

ఆ అరగంటలోనే నా తల మీద ఏం జరిగిందో అర్థమైంది. నలుపు 1, అతి లేత బంగారు రంగు 10 అని లెక్క పెడితే నా కుదుళ్ళు 5 దాటాయట, కొసలు 2 దగ్గరే ఉన్నాయట, నేను కోరింది 4. కుదుళ్ళు ఇంతకు ముందు రంగు ఎరగని జుట్టు, పైగా మాడు వేడికి అక్కడ మందు తొందరగా పనిచేస్తుంది. నల్లటి జుట్టు రంగు లేతబడేటప్పుడు లోపలి ఎరుపు, ఆ తర్వాత నారింజ బయటపడతాయి. నడిమి భాగంలో ఉన్నది డబ్బా రంగు, రంగు మీద రంగు వేస్తే పాతది పోదు. కొసలు గరుకుబారి స్పంజిలా ఎంత పడితే అంత పీల్చుకున్నాయి. "కుదుళ్ళను దించాలి, కొసలను ఎత్తాలి, ఒక్క గిన్నె ఆ రెండు పనులూ చెయ్యదు" అందావిడ. నారింజకు విరుగుడు నీలమట, అందుకని కుదుళ్ళకు నీలం ఛాయ ఉన్న టోనర్, అంటే అక్కర్లేని ఛాయను అణిచే పలచటి రంగు, పెడతానంది.

తర్వాత ఒక పాయకు బ్లీచ్ పెట్టి, రేకులో చుట్టి, ఐదేసి నిమిషాలకొకసారి విప్పి చూసింది. కడిగి, తడిగా ఉండగానే లాగి చూపించింది. మధ్యలో పట్టి లాగితే సాగి వెనక్కి వచ్చింది. కొస దగ్గర లాగితే రబ్బరులా సాగి, వెనక్కి రాక పుటుక్కున తెగింది. ఆ చిన్న చప్పుడు నాకు ఇంకా వినిపిస్తోంది.

"ఈ కొసలకు నేను బ్లీచ్ పెట్టను, ఈ రోజు రంగు కూడా వెయ్యను" అంది. డబ్బు చేతిలో పట్టుకుని వచ్చిన మనిషికి కాదని చెప్పిన హెయిర్ డ్రెస్సర్‌ను నేను మొదటిసారి చూశాను. ఒప్పుకుంటే నాలుగు అంగుళాలు కత్తిరిస్తానని, మిగిలినదాన్ని మూడు విడతల్లో, మధ్యలో వారాల విరామంతో సరిచేస్తానని, విడతకు ఎంతవుతుందో ముందే కాగితం మీద రాసి ఇచ్చింది. ఒప్పుకున్నాను. ఆ జుట్టు నేల మీద పడినప్పుడు మన చివరి సంవత్సరం గ్రూపు ఫొటోలో నా జడ గుర్తొచ్చి... సరే, అది వదిలేద్దాం.

మొన్న వెళ్ళినప్పుడు టోనర్ చుక్క, రంగు చుక్క చెవి వెనక రాసి, 48 గంటలు నీళ్ళు తగలనివ్వవద్దని, దురద గానీ ఎరుపు గానీ కనిపిస్తే ఫోను చెయ్యమని చెప్పింది. మొదటి సెలూన్‌లో ఈ ఊసే లేదు. నిన్న రాత్రి మూడుసార్లు లేచి టార్చి వేసి అద్దంలో చూసుకున్నాను, మావారు నిద్రలోనే "దొంగా?" అని అడిగారు. ఏమీ రాలేదు. ఈ రోజే మొదటి విడత, 48 గంటలు ఇప్పుడే నిండాయి. రేకులు తీశాక కుదుళ్ళు ఎలా ఉంటాయో, ఆవిడ చెప్పినట్టు నడిమి భాగం రాగి దగ్గరే ఆగుతుందో లేక ఇంకా

బయట ఆటో హారన్ కొడుతున్నాడు. పగటి వెలుతురులో ఫొటో తీసి పంపిస్తాను.

నీ
రాగి చెంబు